ఇంకా దిగని బంతి

పొద్దున ఆరు కొట్టేసరికి కోచ్ మేడం సాఫ్ట్‌బాల్ గ్రౌండ్‌లో ఉండేది. ముందు స్టోర్‌రూమ్ తాళం తీసేది. సున్నం బస్తా, అడుగున చిల్లులు పొడిచిన డబ్బా, నూలుతాడు చుట్ట బయటపెట్టేది. బ్యాట్ పట్టినవాళ్లు నిలబడే హోమ్ ప్లేట్ మూల దగ్గర నేలలో ఒక ఇనప మేకు ఉంది. ఎడమవైపు ప్రహరీ గోడ మొదట్లో ఇంకొకటి ఉంది. రెండూ ఉద్యోగంలో చేరిన వారంలో తన చేత్తో దిగ్గొట్టినవే. తాడు ఈ మేకు నుంచి ఆ మేకుకి బిగించి, దాని వెంట వంగి సున్నం చల్లుకుంటూ పోయేది. తర్వాత కుడి గీత. మళ్లీ వెనక్కొచ్చి ఎడమ గీత మీద రెండో చెయ్యి.

"కుడి గీతకి ఒక చెయ్యి, ఎడమ గీతకి రెండు చేతులా మేడం? కుడిదేమన్నా సవతి బిడ్డా?" అని ఆడపిల్లలు నవ్వేవాళ్లు.

"ఎడమ గీత పని మీద ఉంది," అనేది మేడం.

వెనక అందరూ ఆమెని సున్నం మేడం అనేవాళ్లు. ఒక్కోసారి మర్చిపోయి ఎదురుగానే అనేవాళ్లు. ఆమె పలికేది.

ఆ గ్రౌండ్‌లో కొన్ని బంతులు ఆలస్యంగా దిగేవి. చాలావరకు మామూలుగానే పడేవి. బాగా ఎత్తుకి లేచినవి మాత్రం వాటికి తోచినప్పుడు వచ్చేవి. అరగంటకి, మర్నాటికి, పరీక్షలయ్యాక. ఒకసారి సెలవుల ముందు కొట్టిన బంతి సెలవులు అయిపోయాక వాచ్‌మన్ అన్నం డబ్బా మీద పడింది. అతను సొట్ట చూసుకుని, బంతి తుడిచి, నోటీసు బోర్డు కింద పెట్టి వెళ్లాడు. అందుకే మేడం ప్రతి కొత్త బంతి మీదా చెరగని ఇంకుతో తేదీ రాసేది. దిగినప్పుడు ఏ ఆటదో తెలియాలి కదా.

గేటుకి ఎదురుగా, రోడ్డు అవతల, పాత అంపైర్ మాస్టారి ఇల్లు. డెబ్బై రెండేళ్లు. కళ్లు సరిగా ఆనవు, చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. గ్రౌండ్‌లో ఎక్కడ ధబ్బుమన్నా అరుగు మీది నుంచే కేక వేసేవాడు.

"తేదీ ఎంత?"

"నిన్నటిదే మాస్టారూ," అనేవాళ్లు పిల్లలు. లేకపోతే "పోయిన నెలది" అనేవాళ్లు. ఆయన "సరే" అని మళ్లీ పేపరు మొహానికి దగ్గరగా పెట్టుకునేవాడు.

ఆయన ఎదురుచూస్తున్నది ఒక్క బంతి కోసం. మేడం కూడా దాని కోసమే.

ఆ బంతి ఇరవై రెండేళ్ల కిందటిది. కాలేజీల ఫైనల్, ఇదే గ్రౌండ్‌లో. ఆఖరి ఇన్నింగ్స్, అప్పటికే ఇద్దరు ఔట్. అవతలి జట్టుకి అయిదు, మనకి మూడు. రెండు బేసుల మీద ఇద్దరు పిల్లలు. బ్యాట్ పట్టుకుని బొంగరం నిలబడింది. బ్యాట్ తిప్పితే దాంతోపాటు ఒక చుట్టు తనూ తిరిగిపోయేది కాబట్టి ఆ పేరు. బేసులన్నీ చుట్టి హోమ్ చేరితే ఒక్కొక్కరికీ ఒక పరుగు. ముగ్గురూ చేరితే ఆరు. కప్పు మనది.

బొంగరం కొట్టింది. బంతి ఎడమ గీత మీదుగా లేచింది, లేచి ఇంకా లేచింది, కనిపించకుండా పోయింది.

ముందున్న ఇద్దరూ హోమ్‌కి వచ్చేశారు. బొంగరం మొదటి బేసు దాటింది, రెండోది దాటింది, మూడోదానికి వచ్చింది. అక్కడ పక్కనే నిలబడి పరుగెత్తాలో ఆగాలో చెప్పాల్సింది కోచ్. కోచ్ ఆకాశం వైపు చూస్తోంది. బంతి గీతకి ఇవతల పడుతుందా, అవతల పడుతుందా? అవతల పడితే ఆ దెబ్బ లెక్కలోకి రాదు. ఆ ఆలోచనలో చెయ్యి పైకెత్తింది. ఆగమని. బొంగరం ఆగింది. తనూ పైకి చూసింది.

ఆగమని చెయ్యి చూపింది తానే. ఈ సంగతి మేడం ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

బంతి దిగలేదు. అవతలి జట్టులో ఎడమవైపు నిలబడే పిల్ల గ్లోవ్ పైకెత్తి చీకటి పడేదాకా అలాగే ఉంది. చివరికి వాళ్లమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. కప్పు ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషికి రైలు టైమైంది. ఆట నిర్వహించినవాళ్లు గుసగుసలాడుకుని, కప్పు అవతలివాళ్ల చేతిలో పెట్టారు. సర్టిఫికెట్ మీద 'ప్రస్తుతానికి' అని రాశారు.

ఆ ప్రస్తుతానికి ఇరవై రెండేళ్లు నడిచింది.

అంపైర్ మాత్రం స్కోరు కాగితం మీద సంతకం చెయ్యలేదు. "బంతి దిగలేదు. ఆట అవలేదు," అన్నాడు. కాగితం మడిచి ఇంటికి తీసుకుపోయి ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాడు.

కప్పు గెలిచిన జట్టు పిల్లల్ని కోచ్‌ల ట్రైనింగ్ కాలేజీలో చేర్చుకునేవాళ్లు. బొంగరానికి అక్కడ సీటు రాలేదు. కుట్టు నేర్చుకుంది. పెళ్లయింది, ఒక కూతురు పుట్టింది. రెండు వీధుల అవతల కొట్టు పెట్టి స్కూలు బట్టలు కుడుతుంది. ఏటా మేడం జట్టుకి జెర్సీలు కుట్టేది కూడా ఆమే. ఇప్పుడు కూతురు అదే జట్టులో బంతి విసురుతుంది.

ఆ ఫైనల్ మర్నాటి నుంచే మేడం ఎడమ గీతకి రెండు చేతులు వెయ్యడం మొదలుపెట్టింది. ఆ బంతి ఏ రోజన్నా దిగొచ్చు. దిగిన పూట గీత ఉండాలి. ఉన్నచోటే ఉండాలి. జ్వరంలో గీసింది. వాళ్లాయన పోయిన అయిదో రోజున వచ్చి గీసింది. పిల్లలకి మాత్రం ఒకటే చెప్పేది. "పైకి చూడొద్దు. పరుగెత్తు."

*

రెండేళ్ల కిందట కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. బంతులు ఆలస్యంగా దిగుతాయని తెలిసి మొహం చిట్లించాడు. "మీ డిపార్ట్‌మెంట్‌లో క్రమశిక్షణ లేదు మేడం," అన్నాడు. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఈ ఏడు కొత్త బిల్డింగ్ లేచింది. కార్లు ఎక్కువయ్యాయి. ఒక మధ్యాహ్నం మేడంని గదిలోకి పిలిపించాడు.

"కూర్చోండి మేడం."

"నిలబడటం అలవాటు సార్."

టేబుల్ మీద సర్వీసు రూల్సు పుస్తకం తెరిచి ఉంది. ఒక వాక్యం కింద ఎర్ర గీత ఉంది. ఆయన అది చదివి వినిపించాడు. ముప్పై ఏళ్లలో ఒక్క కప్పు కూడా తేని కోచ్‌ని గడువుకి ముందే పంపెయ్యవచ్చు. ఆ ఆట మూసెయ్యవచ్చు.

"మీది ముప్పై ఒక్క ఏళ్లు. అద్దాల బీరువాలో మీ అర ఖాళీగా ఉంది. నేనే స్వయంగా చూశాను."

"ఒకటి పైనుంది సార్."

"ఎక్కడ?"

"పైన. బంతి దిగాలి."

"ఆ సంగతి విన్నాను. ఇరవై రెండేళ్లట కదా. దాన్ని నమ్ముకుని కాలేజీ నడపమంటారా?" పుస్తకం మూశాడు. "నాకు మీ మీద కోపమేం లేదు. ఒక్క కప్పు, ఒక్కటంటే ఒక్కటి చూపించండి. మీ పేరున తయారైన ఈ ఉత్తర్వు కాగితం మీ ఎదురుగా చింపేస్తాను. నా మాటగా చెబుతున్నా."

"గ్రౌండ్‌ని ఏం చేస్తారు సార్?"

"కార్లకి. సోమవారం బిల్డింగ్ ప్రారంభానికి పెద్దవాళ్లు వస్తున్నారు. రోడ్డు మీద పెట్టుకోమంటామా?"

మగపిల్లల గ్రౌండ్ పక్కనే ఉంది. దీనికి రెండింతలు. దాని మీద కార్లు పెట్టాలని ఎవరికీ తట్టలేదు. మేడం ఆ మాట అనబోయింది. ఆయన అప్పటికే ఫోన్ ఎత్తాడు.

అద్దాల బీరువాలో పెట్టలేనివి ఆమె దగ్గర చాలా ఉన్నాయి. ఆటకి పంపనని మొండికేసిన తండ్రుల గుమ్మాల్లో ఆమె గంటలకొద్దీ నిలబడింది. భుజం ఎముక విరిగిన పిల్ల పక్కన ఆస్పత్రిలో మూడు రోజులు కుర్చీలో కూర్చుంది. బస్సులో ఎవడో చెయ్యేశాడని ఒక పిల్ల ఏడిస్తే, మర్నాటి నుంచి పరీక్షలయ్యేదాకా అదే బస్సులో ఆ పిల్ల పక్కన వెళ్లింది, చేతిలో బ్యాట్ పెట్టుకుని. వాడు మళ్లీ ఎక్కలేదు. వీటికి కప్పులివ్వరు.

వీడ్కోలు సభ స్టాఫ్‌రూమ్‌లో పెట్టారు. ప్రిన్సిపాల్ మైకు ముందు గొంతు సవరించుకున్నాడు.

"ముప్పై ఒక్క ఏళ్లు త్రోబాల్‌కి సేవ చేసిన..."

"సాఫ్ట్‌బాల్ సార్," అంది లైబ్రేరియన్.

"అదే. మన త్రోబాల్ మేడం..."

ఎవరో దగ్గారు. ఎవరూ లేవలేదు. గోడ గడియారం ఒకటి చేతిలో పెట్టి ఫోటో తీసుకున్నారు. ఇంటికెళ్లి చూస్తే అందులో బ్యాటరీ లేదు.

*

మర్నాడు శుక్రవారం. పదింటికి ఆఫీసులో తాళాలు అప్పజెప్పాలి. మేడం ఆరింటికే వచ్చింది. తాళాలు ఇంకా తన దగ్గరే ఉన్నాయి, అందుకని స్టోర్‌రూమ్ తీసింది. తాడు మేకుకి కట్టింది, రెండో మేకు దాకా లాగి బిగించింది. సున్నం డబ్బా అందుకునేసరికి వాచ్‌మన్ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నిన్నటితో అయిపోయిందట మేడం. గీత గియ్యనివ్వద్దన్నారు."

"ఎవరన్నారు?"

"ఎవరంటారు మేడం. నా ఉద్యోగం నాకుండాలి కదా."

మేడం డబ్బా అతనికిచ్చేసింది. తాడు విప్పబోయింది. ముడి మీద చెయ్యి పెట్టింది, తీసేసింది. వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

ఎనిమిదింటికి పెయింటర్ వచ్చాడు. తెల్లరంగు బకెట్లు రెండు, వెడల్పు బ్రష్ ఒకటి. సిమెంటు తర్వాత వేస్తారట. సోమవారానికి గీతలు పడి, కార్లు వరసగా నిలబడాలట. అంతకుముందు రోజే నేల మీద రోలర్ నడిపించారు. బేసుల బస్తాలు పీకేశారు. హోమ్ ప్లేట్ రబ్బరుది, నేలలోకి దిగి సమంగా ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు.

పెయింటర్ గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. బిగించిన తాడు కనిపించింది. దాని మీద వేలితో మీటాడు.

"ఎవరు కట్టారో గానీ బంగారంలాంటి పని. ఇక కొలిచే బాధ తప్పింది," అని మొదటి గీత దాని వెంబడే లాగడం మొదలెట్టాడు.

మేడం చూస్తూ కూర్చుంది. గీత గోడదాకా వెళ్లాక లేచి వచ్చింది.

"ఇంకో చెయ్యి వెయ్యి నాయనా."

"కార్ల గీతకి రెండు చేతులెందుకమ్మా?"

"ఈ గీతకి అలవాటు."

అతను ఆమె మొహం చూశాడు. ఏమనుకున్నాడో, మళ్లీ మొదటి నుంచి బ్రష్ ముంచాడు.

తొమ్మిదింటికి ప్రిన్సిపాల్ కారు వచ్చింది. కొత్తది, నల్లది. అద్దం దించి అడిగాడు.

"మొదటి నంబరు ఏది?"

"ఇదే సార్, ఈ మూల. గీత తడిగా ఉంది, చూసుకుని."

కారు మెల్లగా వచ్చి మూల దగ్గర ఆగింది. కింద హోమ్ ప్లేట్ ఉంది. ఆయన దిగి, నాలుగడుగులు వెనక్కి నడిచి, ముద్దుల కొడుకుని చూసినట్టు కారుని చూసుకున్నాడు. అప్పుడు మెట్ల మీద మేడం కనిపించింది.

"మీరింకా ఇక్కడే ఉన్నారా?"

"పదింటికి రమ్మన్నారు సార్, తాళాలకి."

"ఇప్పుడే ఇచ్చెయ్యొచ్చుగా."

"పదింటికన్నారు."

ఆయన వాచీ చూసుకుని, పెయింటర్‌కి రెండో వరస ఎక్కడ రావాలో చూపించడానికి వెళ్లాడు.

తొమ్మిదిన్నరకి బొంగరం వచ్చింది, కూతురిని వెంటబెట్టుకుని. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. చేతుల్లో పెద్ద మూట. వస్తూనే మెట్ల మీద దబ్బున పడేసింది.

"పన్నెండు జెర్సీలు. ఎల్లుండి మ్యాచ్ అని రెండు రోజులు మిషన్ దిగకుండా కుట్టాను. ఏం చెయ్యమంటారు వీటిని? కారు తుడుచుకోవడానికి ఇచ్చిరానా?"

"మెల్లగా మాట్లాడవే."

"ఎందుకు మెల్లగా? త్రోబాల్ అన్నాడట కదా. రెండుసార్లు అన్నాడట. ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీకి ఊడిగం చేసిన మనిషి ఏ ఆట ఆడించిందో కూడా తెలీదా?"

"అమ్మా," అంది కూతురు.

"నువ్వూరుకో. మీ మేడం మర్యాదస్తురాలు, అనదు. నేను దర్జీదాన్ని. నాకేం, అంటాను." కారు వైపు చూసింది. గొంతు తగ్గిపోయింది. "మేడం. అది హోమ్ మీద పెట్టాడు."

"చూశాను."

"చూసి ఊరుకున్నారా?"

మేడం మూట పక్కకి జరిపింది. బొంగరం వైపు తిరిగి అంది. "ఆ రోజు నీ అంతట నువ్వు ఆగలేదే. నేను ఆపాను. చెయ్యెత్తింది నేను."

"తెలుసు మేడం. నేను మీ చెయ్యి చూసే కదా ఆగాను."

"మరి ఇన్నేళ్లూ అనలేదే?"

"మీరు రోజూ రెండు చేతులు వేస్తున్నారుగా," అంది బొంగరం. "ఇంక నేననేదేముంది?"

అప్పుడు ధబ్బుమంది.

గోడ అవతలి చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. పెయింటర్ బకెట్ ఒలికింది. గీత మధ్యలో, మూడో బేసు ఉండే చోటుకి పదడుగులు దాటి, తెల్లరంగు నాలుగువైపులా చిందింది. చిందిన రంగు నడుమ బంతి సగం నేలలో దిగబడి ఉంది. ఇప్పటి పసుపు బంతి కాదు. పాతకాలం తెల్ల బంతి. ఎర్రదారం కుట్టు ఇంకా మెరుస్తోంది.

"తేదీ ఎంత?" రోడ్డు అవతలి నుంచి కేక.

బొంగరం కూతురు పరుగెత్తింది.

"ముట్టుకోకు," అంది మేడం. "చదువు."

పిల్ల మోకాళ్ల మీద వంగింది. "పద్దెనిమిది, రెండో నెల." సంవత్సరం దగ్గర ఆగింది. అది తను పుట్టడానికి మూడేళ్ల ముందుది. "ఫైనల్ అని రాసుంది మేడం. మీ రాతే."

"తేదీ ఎంతని అడుగుతుంటే?"

"మాస్టారూ," అంది మేడం. బంతి దగ్గరికి వెళ్లి తన రాత చూసుకుంది. బొంగరమే గేటు దాకా వెళ్లి చెప్పింది. "అదే మాస్టారూ. అదే."

ఆయన పేపరు అరుగు మీద వదిలి ఇంట్లోకి వెళ్లాడు. లోపల ట్రంకుపెట్టె మూత చప్పుడు వినిపించింది.

*

పిల్ల చెయ్యి పట్టుకుని అంపైర్ రోడ్డు దాటాడు. రెండో చేతిలో నాలుగు మడతల కాగితం. బంతి దగ్గర కూర్చోవడానికి ఆయనకి చాలా సేపు పట్టింది. వేళ్లతో తడిమాడు. బంతి చుట్టూ, బంతి కింద. వేళ్లకి తెల్లగా అంటింది. వాసన చూశాడు.

"సున్నం కాదే ఇది."

"రంగు మాస్టారూ. కార్ల కోసం గీశారు," అంది మేడం.

ఈలోపు ప్రిన్సిపాల్ వచ్చాడు. "ఏంటి గుంపు? ఎవరీయన?"

"గీత తగిలింది," అన్నాడు అంపైర్ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "గీత తగిలితే లోపలిదే. ఫెయిర్."

"ఏం గీత? ఇది పార్కింగ్ గీత. మీ గీత గియ్యనివ్వద్దని నేనే చెప్పాను."

"మరి దీన్ని ఎవరు గీయించారు?"

"నేను."

"వంకరగా గీయించారా?"

"వంకరెందుకుంటుంది? కొలిపించి తిన్నగా గీయించాను."

పెయింటర్ బ్రష్ వెనక్కి పెట్టుకున్నాడు. "కొలవలేదు సార్. మేడం గారి తాడు బిగించి ఉంటే దాని మీదే లాగేశాను. మళ్లీ కొలవడం ఎందుకని."

అంపైర్ చేత్తో తాడు తడిమాడు. మేకు దాకా చూపించమన్నాడు. పిల్ల నడిపించింది. మేకు నెత్తి మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. అది ఎప్పట్లాగే ఉంది. వెనక్కి వచ్చి కాగితం విప్పి, ముక్కుకి ఆనించుకుని చదివాడు.

"ఆఖరి ఇన్నింగ్స్. ఇద్దరు ఔట్. ఇద్దరు హోమ్ చేరారు. బ్యాటర్ మూడో బేసు మీద. బంతి దిగలేదు." కాగితం దించాడు. "ఇప్పుడు దిగింది. ఆ ఇద్దరి పరుగులూ లెక్క. అయిదూ అయిదు. ఆట నడుస్తోంది. బ్యాటర్ ఎక్కడ?"

అందరూ బొంగరం వైపు తిరిగారు.

"మూడో బేసు మీద ఉండాలి," అన్నాడు.

"అవతలి జట్టు ఏది మరి?" అన్నాడు ప్రిన్సిపాల్. "ఇదేం న్యాయం?"

"వాళ్లు వెళ్లిపోయారు. నేను పొమ్మనలేదు."

మేడం అప్పటికే నడుస్తోంది. గీత వెంట, హోమ్ వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ. అరవై అడుగుల దగ్గర ఆగి మడమతో నేల గీకింది. "మూడో బేసు ఇది," అంది. పక్కకి జరిగి, కోచ్ నిలబడే చోట నిలబడింది.

బొంగరం చెప్పులు విడిచింది. మెడలో టేపు తీసి కూతురికిచ్చింది. వచ్చి ఆ గీకిన చోట కాలు పెట్టింది.

"మేడం, నాకు నలభై రెండు. ఎడమ మోకాలు మిషన్‌కే సరిపోయింది."

"పైకి చూడకు."

"హోమ్ మీద కారుంది మేడం."

"కారుంటే ఉండనీ. ప్లేట్ ఉంది కదా."

ప్రిన్సిపాల్‌కి అప్పుడు అర్థమయింది ఎటు పరుగెత్తబోతుందో. "కారు, నా కారు..." అంటూ తాళం కోసం జేబులు వెతుక్కున్నాడు. ఇరవై రెండేళ్ల తర్వాత అవతలి జట్టు తరఫున ఫీల్డింగ్‌కి దిగినవాడు ఆయనొక్కడే.

మేడం చెయ్యెత్తింది. ఈసారి ఆగమని కాదు. భుజం నుంచి మొత్తం చెయ్యి గిరగిరా తిప్పింది.

బొంగరం పరుగెత్తింది. బొద్దుగా ఉన్న మనిషి, రొప్పుతూ, తడి గీత మీదే పరుగెత్తింది. ఒక్కో అడుగూ తెల్లగా అచ్చు పడింది. సగం దూరంలో మోకాలు మడత పడింది, లేచింది. ప్రిన్సిపాల్ కారు తలుపు తీసి లోపల కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను మూలిగింది. అప్పటికే బొంగరం ఒంటిని నేలకి పడేసింది. తడి రంగు మీద జారుకుంటూ వెళ్లి, భుజం బంపర్‌కి తగిలి, చెయ్యి కారు కిందికి దూరింది.

"ఇంజను ఆపండి," అన్నాడు అంపైర్. గొంతు పెద్దగా పెట్టలేదు. ఆగింది.

ఆయన మెల్లగా వచ్చి, చెంప నేలకి ఆనించి, కారు కిందికి చూశాడు. కళ్లు ఆనలేదు. చెయ్యి చాపాడు. బొంగరం చేతిని తాకాడు. దాని కింద రబ్బరుని తాకాడు.

"సేఫ్," అన్నాడు.

కారు బానెట్ మీదే కాగితం పరిచి సంతకం పెట్టాడు. ఇరవై రెండేళ్లుగా ఖాళీగా ఉన్న చోట, తెల్లరంగు వేలిముద్రలతో సహా. ఆరు, అయిదు. కాగితం మేడం చేతికిచ్చాడు. మేడం అది పట్టుకుని కారు కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఒక్క కప్పు చూపించమన్నారు సార్."

ప్రిన్సిపాల్ చదివాడు. మళ్లీ చదివాడు. బయట పిల్లలు పోగయ్యారు, లైబ్రేరియన్ వచ్చింది, వాచ్‌మన్ టోపీ పెట్టుకుని వచ్చి మేడం వెనక నిలబడ్డాడు. ఆయన కారు దిగి, చొక్కా సర్దుకుని, నవ్వు తెచ్చుకున్నాడు.

"సంతోషం మేడం. మన కాలేజీకే గర్వకారణం. ప్రస్తుతానికి ఆ ఉత్తర్వు పక్కనపెడదాం. సోమవారం మీకు కూడా స్టేజీ మీద..."

"ప్రస్తుతానికి వద్దు సార్," అంది మేడం. "చింపుతానన్నారు. నా ఎదురుగా అన్నారు."

ఎవరూ దగ్గలేదు ఈసారి. ఆయన అందరి మొహాలూ చూశాడు. లోపలి జేబులోంచి ఉత్తర్వు కాగితం తీశాడు. రెండుగా చింపాడు. మేడం ఇంకా చూస్తోంది. నాలుగుగా చింపాడు.

"ఒక ఫోటో తీసుకుందాం," అన్నాడు. "బంతి పట్టుకోండి. సాఫ్ట్‌బాల్ అంటే..."

"ముందు కారు తియ్యండి సార్. హోమ్ మీద ఉంది."

"తీస్తాను. ఆమెని లెమ్మనండి."

కూతురు వెళ్లి తల్లి పక్కన కూర్చుంది. "అమ్మా, సేఫ్ అన్నారు కదా. లే."

బొంగరం తలెత్తలేదు. జుట్టు నిండా, చెంప నిండా తెల్లరంగు. కారు కింద ఆమె చెయ్యి ప్లేట్ మీద అలాగే ఉంది.

"ఉండవే," అంది. "ఇంకాసేపు ఉండనీ."